ఉమ్మడి గొయ్యి

మా ఆఫీసు పేరు ప్రాంతీయ గణాంక సమన్వయ కార్యాలయం. అక్కడ ఏం చేస్తారని బయటివాళ్లు అడిగితే చెప్పడం కొంచెం కష్టం. నాలుగు జిల్లాల నుంచి వచ్చిన అంకెల్ని కూడి, వచ్చిన మొత్తాన్ని మళ్లీ నాలుగుతో భాగించి పైకి పంపుతాం. కూడడం, భాగించడం తప్ప మాకు వేరే పని లేదు. అందుకే "రహదారి భద్రత – సమష్టి బాధ్యత" అన్న సర్క్యులర్ వచ్చినప్పుడు దాన్ని మా అంత క్షుణ్ణంగా రాష్ట్రంలో మరే ఆఫీసూ అర్థం చేసుకుని ఉండదని, సూపరింటెండెంటుగా నేను గట్టిగా చెప్పగలను.

సర్క్యులర్ చిన్నదే. ప్రమాదం జరిగాక నువ్వంటే నువ్వని ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం మానాలి, వీధిలోనూ పనిచేసే చోటా రోడ్డు భద్రత బాధ్యతను అందరూ పంచుకోవాలి అని ఉంది. మంచి మాటే. ఆ "పంచుకోవాలి" కింద మా డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు ఎర్ర సిరాతో గీత గీశారు.

పరాంకుశం గారు ఉత్తముడు. ఎవరి దగ్గరా పైసా ముట్టరు. అటెండర్నైనా "మీరు" అనే పిలుస్తారు. వచ్చిన కాగితాన్ని చివరి అక్షరం దాకా అమలు చేసిగానీ నిద్రపోరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మర్నాడే మీటింగు పెట్టారు.

"పంచుకోవడమంటే ఏమిటి? భాగించడం," అన్నారాయన లేచి నిలబడి. "బాధ్యత అనేది ఒక మొత్తం. దాన్ని మంజూరైన పోస్టుల సంఖ్యతో భాగించాలి. సూపరింటెండెంటు గారూ, మనకెన్ని పోస్టులు?"

"నలభై రెండు సార్. మనుషులు మాత్రం నలభై మందే. రెండు ఖాళీ."

"ఖాళీ పోస్టుకు బాధ్యత ఉండదని సర్క్యులర్‌లో ఉందా?"

"లేదు సార్."

"అయితే ఉన్నట్టే."

వారం తిరక్కుండా మా అందరి చొక్కాలకీ పవిటలకీ బ్యాడ్జీలు వచ్చాయి. "నేను నలభై రెండో వంతు" అని రాసుంది వాటి మీద. ఖాళీ కుర్చీలు రెంటికీ చెరొక బ్యాడ్జీ దారంతో కట్టాం. రోజూ పొద్దున్న గేటు దగ్గర వరసగా నిలబడి, రోడ్డు వైపు చెయ్యి చాచి ప్రమాణం చేసేవాళ్లం. చేసి, గొయ్యి పక్కనుంచి జాగ్రత్తగా నడిచి లోపలికి వెళ్లేవాళ్లం.

గొయ్యి సంగతి చెప్పనేలేదు కదూ. మా గేటుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డు మీద, మోకాలి లోతు గొయ్యి ఒకటి ఉండేది. నీళ్ల పైపు కోసం తవ్వారని కొందరు, టెలిఫోను తీగ కోసమని కొందరు అనేవారు. ఎవర్నడిగినా మాది కాదనేవారు. గేటు పక్కన టీ బడ్డీ నడిపే బంగారమ్మ, టీ గ్లాసులతో పాటు ఒక అయోడిన్ సీసా, ఇంత దూదీ కూడా పెట్టుకుని ఉండేది. పడ్డవాళ్లను లేవదీసి, మందు రాసి, టీ ఇచ్చి పంపేది.

నిజానికి సర్క్యులర్ రాకముందు దారిన పోయేవాళ్లు ఎవరో ఒకరు ఆ గోతిలో ఇంత రాయో రప్పో వేసేవాళ్లు. వచ్చాక మా ఆఫీసువాళ్లెవరూ ఆ పని చెయ్యలేదు. ఎంత వెయ్యాలో తెలియదు, ఒక రాయి ఎక్కువ పడితే పక్కవాడి వాటా మనం వేసినట్టవుతుంది.

మా డిస్పాచ్ క్లర్కు వరహాలమ్మ గారు ఒకసారి మీటింగులో అడగనే అడిగారు. ఆవిడ టేబులు గేటు వైపు కిటికీ పక్కన ఉంటుంది, పడేవాళ్లందర్నీ ఆవిడే ముందు చూస్తుంది.

"గేటు ముందు గొయ్యి పూడ్పించేద్దామండీ. పక్కింట్లో పాత గోడ పడగొట్టారు, ఇటుక ముక్కలు ఊరికే ఇస్తామంటున్నారు."

"చాలా మంచి ఆలోచనమ్మా," అన్నారు పరాంకుశం గారు. "అందులో మీ వాటా ఎంత?"

ఆవిడ బ్యాడ్జీ చూసుకుని, "నలభై రెండో వంతండి" అన్నారు.

"మిగతా నలభై ఒక్క వంతులూ మీవి కావు కదా. విధివిధానాలు రానివ్వండి."

విధివిధానాలు వచ్చేలోపు నూకరాజు పడ్డాడు.

నూకరాజు మా అటెండరు. మోపెడ్ మీద ఫైళ్ల మూట పెట్టుకుని కలెక్టరాఫీసు నుంచి వస్తూ, ఎదురొచ్చిన ఆటోకి తప్పుకోబోయి నేరుగా గోతిలోకి వెళ్లాడు. ఫైళ్లకు ఏమీ కాలేదు. నూకరాజు కుడికాలు విరిగింది. పరాంకుశం గారు తన కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్లి, కట్టు కట్టేదాకా అతని చెయ్యి వదల్లేదు. కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను.

"ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు," అంది డాక్టరమ్మ.

"ఆరు వారాలంటే..." పరాంకుశం గారు కళ్లు తుడుచుకుంటూ ఆగిపోయారు. "నలభై రెండు రోజులు! సూపరింటెండెంటు గారూ, విన్నారా? శేషం లేకుండా పోతుంది!"

"ఏం పోతుంది?" అంది డాక్టరమ్మ కంగారుగా.

"భాగహారం అమ్మా. బాధ్యత అందరిదీ అయినప్పుడు ఈ కాలు కూడా అందరిదే కదా."

"విరిగింది ఈయనొక్కడిదే సార్."

"అది వైద్యశాస్త్రం చూసే చూపు. పరిపాలనాపరంగా చూస్తే మా నలభై రెండు పోస్టులకూ తలా కొంత విరిగింది."

ఆర్డరు నేనే డ్రాఫ్టు చేశాను. ఇప్పటికీ నాకు నచ్చిన డ్రాఫ్టుల్లో అదొకటి. "విరిగిన కాలు భౌతికముగా శ్రీ నూకరాజు గారి అధీనములో ఉన్నప్పటికిని, సదరు కాలు విరుగుటకు దారితీసిన బాధ్యత యావన్మంది సిబ్బందిదీ అయినందున, తత్సంబంధమైన విశ్రాంతి కూడా యావన్మందికీ సమానముగా చెందవలసియున్నది." అంటే తలా ఒక రోజు సెలవు. ఖాళీ పోస్టులకు కూడా చెరొక రోజు మంజూరైంది, అవి వాడుకున్నట్టు రిజిస్టరులో రాశాం. సెలవు వంతు వచ్చినవాళ్లు ఆ రోజంతా కుడికాలికి కట్టు కట్టుకుని ఉండాలి. కట్టు ఒకటే కొన్నాం. ఒకరు విప్పి మరొకరికి అప్పజెప్పాలి.

నా వంతు రోజున మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాను.

"ఏమైందండీ!" అంది మా ఆవిడ గుండెలు బాదుకుంటూ.

"నూకరాజుకి కాలు విరిగింది."

"మరి మీరెందుకు పడుకున్నారు?"

చెప్పాను. ఆవిడ అంతా విని, కాఫీ పెట్టి, వంటింటి గట్టు మీదే ఉంచి, "మిగతా నలభై ఒకరూ వచ్చి అందిస్తారేమో చూడండి" అని పక్కింటికి వెళ్లిపోయింది.

ఇక నూకరాజు తన వాటా కింద వచ్చిన ఒక రోజూ విశ్రాంతి తీసుకుని, రెండో రోజు పొద్దున్నే రెండు చంకకర్రలు వేసుకుని డ్యూటీకి వచ్చాడు. వాళ్ల బావమరిది రోజూ వీధి మొగదాకా దింపి వెళ్లేవాడు. అక్కణ్ణుంచి కుంటుకుంటూ గొయ్యి దాకా వచ్చి ఆగిపోయేవాడు. బంగారమ్మ ఒక రెక్క పట్టుకుని దాటించేది.

"ఇదేటి నాయం నూకరాజూ? ఇరిగిన కాలితోటి డూటీ ఏటి?" అనేది ఆమె.

"నా సెలవైపోనాది పిన్నీ. మిగతావోళ్లు నా కాలి కోసం పడుకుంటన్నారు," అనేవాడు.

ఒకరోజు బంగారమ్మ పాలకి వెళ్లింది. నూకరాజు ఒక్కడే దాటబోయాడు. ఒక కర్ర జారి గోతిలో పడింది. మనిషి గేటు ఊచలు పట్టుకుని, కట్టు కాలు గాల్లో పెట్టుకుని, గబ్బిలంలా వేలాడాడు. కిటికీలోంచి చూసిన వరహాలమ్మ గారు పరుగెత్తుకెళ్లి దింపారు. అతన్ని తెచ్చి కుర్చీలో కూచోబెట్టారు. కూచున్నాక అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఆవిడ మంచినీళ్లు ఇచ్చి, కొంగు బిగించి బయటికి వెళ్లారు.

అరగంటలో గొయ్యి లేదు. బంగారమ్మ గంపా, పక్కింటి ఇటుక ముక్కలూ, పైన మట్టీ. ఆవిడే ఎక్కి తొక్కి, బకెట్టు నీళ్లు చల్లి, కాళ్లు కడుక్కుని వచ్చి మళ్లీ కవర్లకు స్టాంపులు అంటించుకుంటూ కూచున్నారు. ఆ సాయంత్రం ఒక్కడు కూడా పడలేదు. బంగారమ్మ అయోడిన్ సీసాకి బిరడా పెట్టింది.

మర్నాడు వరహాలమ్మ గారికి మెమో ఇచ్చాం. "సమష్టి బాధ్యతను ఏకపక్షముగా నిర్వర్తించి, తోటి ఉద్యోగుల నలభై ఒక్క వాటాలను స్వాయత్తము చేసుకొన్నందుకు" వివరణ కోరుతూ.

విచారణ పరాంకుశం గారి గదిలో జరిగింది. రాసుకోవడానికి నేను కూచున్నాను.

"వరహాలమ్మ గారూ, గొయ్యి మీరే పూడ్చారా?"

"నేనేనండి."

"మొత్తం?"

"సగం పూడిస్తే కాలు సగమే విరుగుతుందా అండీ?"

"మీ వాటా మట్టి ఎంతో లెక్క వేసుకున్నారా?"

"లేదండి. నిండేదాకా వేశాను."

ఆయన నాకేసి తిరిగి, దొంగ నేరం ఒప్పుకున్నాక పోలీసు చూసినట్టు చూసి, "రాసుకోండి. నిండేదాకా" అన్నారు. తర్వాత చాలా బాధగా, "అమ్మా, మీ తోటివాళ్లకు ఎంత నష్టం చేశారో మీకు తెలుస్తోందా? ఈ గొయ్యి ఉన్నన్నాళ్లూ నలభై రెండు పోస్టులకూ ఒక బాధ్యత ఉండేది. ఇప్పుడు వాళ్లు దేనికి బాధ్యులు? వాళ్లకి మీరేం మిగిల్చారు?" అన్నారు.

ఆవిడ కిటికీ వైపు వేలు చూపించారు.

"రోడ్డు మిగిల్చానండి."

అది కూడా రాసుకున్నాను.

సాక్షిగా పిలిపించిన బంగారమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "నానూ రెండు గంపలేసినాను బాబూ. నన్నేటి సేత్తారు?"

"మీరు మా శాఖ పరిధిలోకి రారు."

"అయితే మొత్తం నానే ఏసినానని రాసుకోండి. ఈ యమ్మనొదిలెయ్యండి."

అలా రాయడానికి వీల్లేదని ఆమెకు నచ్చజెప్పి పంపాం. తీర్పు మెత్తగానే వచ్చింది. ఒకటి, వరహాలమ్మ గారు తదుపరి ఉత్తర్వుల వరకు మట్టి, ఇసుక, కంకర వగైరాలను తాకరాదు. రెండు, గొయ్యిని యథాస్థితికి తెచ్చి, అందరి చేతులమీదుగా, సమాన వాటాలతో తిరిగి పూడ్చవలెను.

రోడ్డు మీది గొయ్యి పూడ్చడానికి ఎవరి అనుమతి కావాలో మా ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ తవ్వడానికైతే ఒక్క పూటలో దొరికింది. జేసీబీ వచ్చింది. ఇక్కడ పరాంకుశం గారు ఒక ముఖ్యమైన విషయం గమనించారు. పాత గొయ్యి చుట్టూ మహా అయితే ఆరుగురు నిలబడగలరు. నలభై రెండు మంది మోచేతులు తగలకుండా నిలబడాలంటే? చుట్టుకొలత వేసి, దాంట్లోంచి వెడల్పు రాబట్టి, సున్నంతో ముగ్గు గీయించారు. ముగ్గు ఈ చివర మా ప్రహరీగోడనీ, ఆ చివర ఎదుటివాళ్ల అరుగునీ తాకింది.

"లోతెంత సార్?" అన్నాడు జేసీబీ డ్రైవరు.

"తలా రెండు గంపలైనా రాకపోతే బాధ్యత అనిపించదు బాబూ. నడుం లోతు తీయండి."

తీశాడు. అంత చక్కని గొయ్యిని నేనెప్పుడూ చూడలేదు. గుండ్రంగా, అంచులు కోసినట్టు ఉంది. దాంట్లోకి ఆ రాత్రే వాన కురిసింది.

సామూహిక పూడ్పు కార్యక్రమానికి తేదీ పెట్టాం. ఆ రోజు పొద్దున్నే క్యాషియర్ గారి అత్తగారు పోయారు. అందరూ లేకపోతే సమష్టి కాదు కనక వాయిదా వేశాం. రెండో తేదీకి టైపిస్టు కవలల్ని కన్నది. మూడోసారికి ఎలాగో నలభై మందీ వచ్చాం, నూకరాజుతో సహా. వరహాలమ్మ గారికి ఆ ఒక్క పూటకీ మట్టి తాకడానికి మినహాయింపు ఇచ్చాం. గంపలు ఎత్తి, ప్రమాణం చదివి, వెయ్యబోతుండగా పరాంకుశం గారు చెయ్యెత్తి ఆపారు.

"ఖాళీ పోస్టుల వాటా ఎవరు వేస్తారు?"

గంపలు దింపేశాం. "గొయ్యి భర్తీ చేయు నిమిత్తము ముందుగా పోస్టులు భర్తీ చేయవలసినదిగా" పై ఆఫీసుకి రాశాం. నియామకాల మీద నిషేధం ఉందని జవాబొచ్చింది.

ఈలోగా మా వీధి ఏమైందో చెప్పాలి. బస్సు రావడం మానేసింది. ఆటోలు మానేశాయి. గ్యాస్ బండి మొగలో ఆగి గంట కొట్టేది, ఆడవాళ్లు సిలిండర్లు దొర్లించుకుంటూ తెచ్చుకునేవాళ్లు. బడిపిల్లలు మాత్రం మా గోడెక్కి, ఆఫీసు ఆవరణలోంచి దూకి, అరుస్తూ పోయేవాళ్లు. గోతి అంచున గోడ వారగా రెండు పలకలు వేసి, నూకరాజుని కుర్చీలో కూచోబెట్టి రోజూ నలుగురం మోసుకొచ్చేవాళ్లం. మోసే వంతులు కూడా సమానంగా వేశాం.

"పెల్లికొడుకుని మోసినట్టు మోత్తన్నారు సార్," అనేవాడతను సిగ్గుపడుతూ. "నాకు భయమేత్తంది. నన్నింటికాడ ఒగ్గేద్దురూ."

అప్పుడే పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మా వీధిలో ఆ నెల ఒక్క వాహన ప్రమాదం కూడా జరగలేదట. చుట్టుపక్కల పది వీధుల్లో అలాంటిది మాదొక్కటేనట. వాహనం రాలేని చోట ప్రమాదం ఎలా జరుగుతుందని వాళ్లూ అడగలేదు, మేమూ చెప్పలేదు. పక్క జిల్లా ఆఫీసు నుంచి ముగ్గురు అధికారులు అధ్యయనానికి వచ్చారు. టేపు పెట్టి గొయ్యి కొలుచుకుని, "మా దగ్గర సిబ్బంది అరవై మంది, ఇంకా పెద్దది కావాల్సి ఉంటుంది" అని దిగాలుగా వెళ్లారు.

ఆ తర్వాతి గురువారం పట్టపగలు, అటు వేరే దారి లేని మా వీధి చివర ఉండే టైలరు ఖాదర్ గారి కోడలు షమీమ్‌కి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు వచ్చి గోతికి అవతల ఆగింది. ఖాదర్ గారు ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చి, "సార్, నడవలేకపోతోంది సార్, దాటించాలి సార్" అన్నారు.

పరాంకుశం గారు ఒక్క క్షణం ఆలోచించలేదు. తన గదిలోని తిరుగుడు కుర్చీని తనే తోసుకుంటూ బయటికొచ్చారు. షమీమ్‌ని అందులో కూచోబెట్టి ఎనిమిదిమందిమి ఎత్తాం. పలకలు ఊగుతున్నాయి. కింద బురదనీళ్లు. కుర్చీ దానంతటదే తిరుగుతోంది, ఆ పిల్ల ఒకసారి మా వైపు, ఒకసారి అంబులెన్సు వైపు, ఒకసారి ఆకాశం వైపు తిరిగి "యా అల్లా" అంటోంది. "కుడికండీ! ఎడమకండీ! కుర్సీ గట్టిగా అట్టుకోండి!" అని నూకరాజు కిటికీలోంచి కేకలు. నా కాలొకటి జారి బురదలోకి దిగింది. పరాంకుశం గారి చెప్పు గోతిలో పడిపోయింది, ఆయన చూడను కూడా చూడలేదు. అవతలికి చేర్చాం. అంబులెన్సు వీధి మలుపు తిరగకముందే అందులోంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

మేమంతా గోతి అంచున కూలబడి పిచ్చివాళ్లలా నవ్వాం. బంగారమ్మ అందరికీ ఊరికే టీ పోసింది. పరాంకుశం గారు ఒంటి చెప్పుతో నిలబడి, కళ్లజోడు తుడుచుకుంటూ, "చూశారా! సమష్టి బాధ్యతంటే ఇదీ!" అన్నారు.

"గొయ్యి లేకపోతే ఆ అమ్మాయి ఆటోలో వెళ్లేదండి," అన్నారు వరహాలమ్మ గారు.

"అది వ్యక్తిగతంగా వెళ్లడం అవుతుందమ్మా."

ఆ మూడు రాత్రులూ నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కళ్లు మూసుకుంటే కుర్చీ తిరిగేది. ఆదివారం తెల్లవారుతుండగానే లేచి, పెరట్లో ఉన్న పగిలిన పెంకులు సంచిలో వేసుకుని, స్కూటరు మీద పెట్టుకుని బయల్దేరాను. ఒక్క సంచే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను.

వీధి మొగలో క్యాషియర్ గారు ఎదురయ్యారు. నెత్తి మీద గంప.

"ఏమిటండీ ఇంత పొద్దున్నే?" అన్నాను.

"వాకింగ్‌కి వచ్చాను. మీరో?"

"నేనూ వాకింగే."

ఇద్దరం గోతి దగ్గరికి వచ్చేసరికి అక్కడ టైపిస్టు బదులు ఆమె భర్త ఇసుక బకెట్టుతో వాకింగ్ చేస్తున్నాడు. మా ఆఫీసు డ్రైవరు సిమెంటు దిమ్మ భుజాన వేసుకుని వాకింగ్ చేస్తున్నాడు. ఇంకో పావుగంటకి ముప్ఫై తొమ్మిది మందిమీ వాకింగ్‌కి వచ్చేశాం. మా వెనకే వీధి మొగ నుంచి ఖాదర్ గారు, తమ్ముడి ట్రాక్టరు నిండా గ్రావెల్‌తో వచ్చారు. గోతికి అవతలి వైపు నుంచి వీధి వీధంతా, విరిగిన కుండలూ పాత సన్నికల్లూ పట్టుకుని.

ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. పోశాం.

వరహాలమ్మ గారు మాత్రం ఉత్తర్వులు మీరలేదు. బంగారమ్మ స్టూలు మీద కూచుని, గొడుగు కొనతో "ఇక్కడ పెద్దరాళ్లు, అక్కడ మట్టి, ఓయ్ అబ్బాయ్, ముందు నీళ్లు తోడండ్రా" అని చూపిస్తూ పోయారు. చిటికెడు మట్టి తాకలేదు. గొయ్యి నిండాక తొక్కడం మొదలైంది. పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని గెంతుతుంటే మేమూ గెంతాం. జీవితంలో సగటు తప్ప మరేమీ ఎరగని క్యాషియర్ గారు పంచె ఎగ్గట్టి గెంతారు. నూకరాజు మధ్యలో కుర్చీ వేయించుకుని రెండు కర్రలతోనూ దబదబా దిమ్మిస వేశాడు. సాయంత్రం టీ నీళ్లు మరిగేసరికి రోడ్డు తయారైంది.

సోమవారం పరాంకుశం గారి కారు చాలా రోజుల తర్వాత తిన్నగా గేటు దాకా వచ్చింది. ఆయన దిగి, కిందికి చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు. మేమంతా గోడ వారగా నిలబడ్డాం.

"ఎవరు చేశారు ఈ పని?"

"అందరం సార్," అన్నాం. ముందు అనుకున్నది కాదు, ముప్ఫై తొమ్మిది గొంతులూ ఒక్కసారే వచ్చాయి.

"అందరూ? వరహాలమ్మ గారు?"

"వేలైనా తగిలించలేదండి. చూస్తూ కూచున్నాను," అన్నారావిడ.

"ఖాళీ పోస్టుల వాటా?"

నూకరాజు కర్రలు ఎత్తి చూపించాడు. "నాను ఏసినాను సార్. ఓ పోస్టుకి ఓ కర్ర."

ఆయన మనసులో భాగహారం వేస్తున్నట్టు పెదాలు కదిపారు. వేసి వేసి ఆగారు. ముఖం చిన్నబోయింది.

"మరి నా వాటా?" అన్నారు.

ఎవరికీ ఆ సంగతి తోచనే లేదు. "నన్నెవరూ పిలవలేదు," అన్నారాయన మెల్లగా. కోపం కాదది. పెళ్లికి పిలవని మేనమామ గొంతు. "నేను లేకుండా సమష్టి ఎలా అవుతుంది?"

మళ్లీ జేసీబీ వస్తుందేమోనని భయపడ్డాం. కానీ ఆయన బంగారమ్మ గంప అడిగి తీసుకుని, మా పూలమొక్కల పాదులోంచి రెండు చేతులా మట్టి నింపుకుని, రోడ్డు మీదికి వచ్చారు. ఎక్కడ వెయ్యాలి? రోడ్డు చదునుగా ఉంది. ఆ మూలకి వెళ్లి చూశారు, ఈ మూలకి వచ్చి చూశారు. ఎక్కడా బెత్తెడు పల్లం లేదు. చివరికి నట్టనడి రోడ్డు మీద గంప బోర్లించి, చేత్తో తట్టి, లేచి నిలబడ్డారు. మోకాలి ఎత్తు కుప్ప అయింది.

"ఇప్పుడు పూర్తయింది," అన్నారు. ఆయన ముఖం నిండా తృప్తి.

అంతలో వీధి మలుపులోంచి ఆటో ఒకటి వచ్చింది, కుప్ప దగ్గరికి వచ్చి కీచుమని ఆగింది. లోపల షమీమ్, ఒళ్లో గుడ్డల్లో చుట్టిన పాప. పక్కన ఖాదర్ గారు.

"సార్, ఆ కుప్ప కాస్త తీస్తారా? కుదిపితే పసిబిడ్డ లేస్తాది," అన్నాడు ఆటోవాడు.

"అది నా వాటా బాబూ," అన్నారు పరాంకుశం గారు. "నలభై రెండో వంతు. అందరూ కలిస్తే గానీ తీయడానికి..."

మాట పూర్తి కాలేదు. ఆయన ఆటోలోకి వంగి పాపని చూశారు. పాప ఆవలించింది. ఆయన కుప్పని చూశారు, మళ్లీ పాపని చూశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, అందరికీ వినపడేలా అన్నారు.

"సూపరింటెండెంటు గారూ, ఒక్క నిమిషం అటు తిరగండి."

ఆయన చొక్కా చేతులు మడిచి, రోడ్డు మీద మోకాళ్లు ఆనించి, ఒక్కరే, రెండు చేతులా మట్టి ఎత్తి గంపలో పోసుకోసాగారు.

మేమంతా సమష్టిగా అటు తిరిగాం.